నంబర్ ప్లేట్ ఎడమ చివర

ముందు చూసింది నేను కాదు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య. పాపని అశోక్‌నగర్‌లో ప్లేస్కూల్ దగ్గర దింపి, చిక్కడపల్లి తిరిగొచ్చి, సెల్లార్‌లో కారు ఆపాను. వెనక సీట్లో పాప వదిలేసిన నీళ్ళ సీసా తీస్తుంటే ఆమె చీపురు పట్టుకుని కారు ముందు నిలబడింది.

"ఎవర్ని గుద్దినవక్కా?" అంది నవ్వుతూ.

ముందుకి వెళ్ళి చూశాను. నంబర్ ప్లేట్‌ని బంపర్‌కి పట్టి ఉంచే లాకులు రెండు. కుడివైపుది ఉంది. ఎడమవైపుది తల ఊడిపోయింది. ప్లేట్ ఒరిగిపోయి, ఎడమ చివర బంపర్‌లోంచి బయటికి పొడుచుకొచ్చి వేలాడుతోంది. మూల కొంచెం వంగింది. రేకు అంచు వేలితో తాకి చూసి వెంటనే చెయ్యి తీసేశాను.

"ఎవర్నీ గుద్దలేదు" అన్నాను. అన్నాకే అనుమానం వచ్చింది.

పాప నిద్రపోయింది, ఇల్లు సద్దుమణిగింది, ఇప్పుడు కూర్చుని రాస్తుంటే ఆ సందు మొత్తం మళ్ళీ కనిపిస్తోంది. అశోక్‌నగర్‌లో ఆ సందు ఎప్పుడూ అంతే. రెండు పక్కలా బైకులు, టిఫిన్ బండ్లు, గ్రూప్స్‌కి చదివే పిల్లలు. పొద్దున తుంపర పడుతోంది. పాపకి దగ్గు అని అద్దాలన్నీ ఎత్తేశాను. వైపర్ కిర్రుమంటోంది. కారు మనిషి నడిచినంత మెల్లగా పోతోంది. అప్పుడు బానెట్ మీద ఎడమవైపు ధబ్బున చప్పుడైంది. ఎవరిదో చెయ్యి. ఎవరో ఏదో అరిచారు. నాకు వినపడలేదు. వెనక ఆటో హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. నేను కారు కదిలించాను. అద్దంలో చూస్తే గొడుగులే కనిపించాయి.

"అమ్మా, మన కార్ని ఎవరు కొట్టారు?" అంది పాప.

"ఎవరూ కొట్టలేదు నాన్నా" అన్నాను.

సెల్లార్‌లో నిలబడే మా ఆయనకి ఫోన్ చేశాను. ఆఫీసులో ఉన్నాడు. ప్లేట్ సంగతి చెప్పాను.

"ఒక ప్లాస్టిక్ ట్యాగ్ వేసి కట్టెయ్. చలాన్ పడకుండా చూడు, అంతే."

"అది కాదు. ఎవరికైనా తగిలిందేమో."

"తగిలితే ఊరుకుంటారా? హైదరాబాద్ ఇది. అద్దం పగలగొట్టి మరీ చెప్తారు."

"బానెట్ మీద కొట్టారు."

"బానెట్ మీద అందరూ కొడతారు." గొంతు తగ్గించి, "మళ్ళీ మొదలైందా నీకు?" అన్నాడు.

నాకు ఏమీ జరగకముందే జరిగిపోయినట్టు అనిపిస్తుందని ఆయనకి తెలుసు. పాప పుట్టినప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది. అందుకే ఇంట్లో నా భయానికి విలువ లేదు. నిజానికి నా దగ్గరే దానికి విలువ లేదు. ఇది నా ఊహా, నిజమా అన్నది నాకే తెలియడం లేదు. కానీ రేకు వంగి ఉంది. చప్పుడు పాప కూడా వింది.

ట్యాగులు ఇంట్లోనే ఉన్నాయి. కట్టేస్తే అయిపోతుంది. కట్టేస్తే ఏమీ జరగనట్టు ఉంటుంది. దానికే నాకు భయమేసింది. ముందు ఆ సందులో ఎవరికీ ఏమీ కాలేదని తెలియాలి, తరవాతే ప్లేట్ సంగతి అనుకున్నాను. పైకి వెళ్ళి చెప్పులు మార్చుకుంటుంటే అత్తయ్య వంటింట్లోంచి చూసింది. ఆవిడ ముషీరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. మా అమ్మావాళ్ళది కృష్ణా జిల్లా, బాగ్ లింగంపల్లిలో స్థిరపడ్డారు. అందుకని నా మాటకి ఆవిడ నవ్వుతుంది, ఆవిడ మాటకి మా పాప నవ్వుతుంది.

"ఇప్పుడే వస్తివి గద, మళ్ళ ఏడికి?"

"కారుకి లాక్ విరిగింది అత్తయ్యా. బోల్టులు తేవాలి."

ఆవిడ అట్లకాడ పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. నాకు అప్పుడు పట్టించుకునే తీరిక లేదు.

నడుచుకుంటూ వెళ్ళాను. తుంపర ఆగింది. చప్పుడైన చోటు నాకు బాగా గుర్తుంది. దోశల బండి పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ ముందు. రోడ్డంతా బురద, పారేసిన ప్లేట్లు. అందులో ఏం వెతకాలో తెలియక వెతికాను. చివరికి బండి ఆయన్ని అడిగాను.

"అన్నా, పొద్దున ఇక్కడ ఎవరికైనా కారు తగిలిందా?"

"రోజు ఎవరికో ఒకరికి తగుల్తనే ఉంటదక్కా. మీకు ఎవరు గావాలె?"

"ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య. తెల్ల కారు."

"తెల్ల కార్లు అన్ని తెల్లగనే ఉంటయి." పెనం మీద పిండి తిప్పాడు. "ఒక పిల్ల కాలు వట్టుకొని గా అరుగు మీద కూసుంది. ఏ కారో నాకెర్క లేదు."

"రక్తం వచ్చిందా?"

"నేను దోశ జూస్కోవాల్నా, రక్తం జూస్కోవాల్నా అక్కా? మంచిగనే లేచింది. కుంటుకుంట మీదికి వోయింది." అట్లకాడతో ఎదురు బిల్డింగ్ చూపించాడు. "రీడింగ్ రూంలకు."

రీడింగ్ రూమ్ రెండో అంతస్తులో ఉంది. గుమ్మం బయట మెట్ల మీదంతా చెప్పులు. లోపల టేబుల్ ముందు ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"అడ్మిషనా మేడం?"

"కాదండీ. ఒకమ్మాయిని కలవాలి."

"పేరు?"

"తెలీదు."

"ఎట్లుంటది?"

"తెలీదు. కాలికి దెబ్బ తగిలి ఉంటుంది."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "లోపల మాట్లాడొద్దు" అని మాత్రం అన్నాడు.

ఆ గదిలో ఫ్యాన్ల చప్పుడు, కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. వరసగా చెక్క అరలు, ఒక్కో అరలో ఒక్కో వంచిన తల. మొహాలు చూసి లాభం లేదు. నేను నడుం వంచి టేబుళ్ళ కింద కాళ్ళు చూసుకుంటూ నడిచాను. ఒకబ్బాయి కాళ్ళు గబుక్కున లోపలికి లాక్కున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అన్ని కాళ్ళూ బాగానే ఉన్నాయి. ఇక్కడ లేకపోతే హాస్పిటల్‌కి పోయి ఉంటుంది, అదెక్కడని వెతకను, అని అప్పుడే లెక్క మొదలైంది.

కిటికీ పక్క చివరి అరలో కనిపించింది. లేత ఆకుపచ్చ సల్వార్, ఎడమ మోకాలి కింద ముందువైపు చిరిగి ఉంది. దాని మీద చేతిరుమాలు కట్టి ఉంది. రుమాలు మీద మరక ఎండిపోయి గోధుమరంగులోకి తిరిగింది.

ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో, పుస్తకం మూసి లేచి, నన్ను మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది.

"తెల్ల కారు మీదేనా?"

"నాదే."

"మీకు ఎట్ల దొరకవడ్తినో ఏమో. మిమ్ముల దొరకవట్టుడు నా పని అనుకున్న." నవ్వు లేదు. "మీ ప్లేటు ఊడివోతుందని చెప్దామని కొట్టిన అక్కా. అద్దం గూడ దించకపోతిరి. నేను ఇంక పక్కకు జరగనే లేదు, మీరు కదిలిండ్రు. గప్పుడు గీరుకున్నది."

అంటే చెయ్యి పడ్డప్పుడు దెబ్బ లేదు. ఆ తరవాత, నేను కారు కదిలించినప్పుడు తగిలింది. నాకు వెనక ఆటో గురించి చెప్పాలనిపించింది. పాప దగ్గు గురించి, అద్దం గురించి చెప్పాలనిపించింది. వంగి ఆ రుమాలు చూశాను.

"టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావా అమ్మా?"

"ఏయించుకున్న."

"ఎప్పుడు?"

"ఎనిమిదో తరగతిల. సైకిల్ మీదికెళ్ళి పడ్డప్పుడు."

"అది పనికిరాదు. ఇప్పుడు తగిలింది రేకు. పద."

"రెండు గంటలకు టెస్టున్నదక్కా, ఇంకా రివిజన్ కాలే."

"ఒంటి గంట లోపల తెచ్చి ఇక్కడే దింపుతాను."

"గదే కార్లనా?" అంది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

ఆటోలో తీసుకెళ్ళాను. దారిలోనే ప్లేస్కూల్ వదిలే టైమ్ అయింది. పాపని కూడా ఎక్కించుకుని నారాయణగూడలో మేం వెళ్ళే డాక్టర్ దగ్గరికి పోయాం. రుమాలు విప్పుతుంటే నేను గోడ వైపు చూశాను, తరవాత బలవంతంగా చూశాను. పొడుగ్గా ఒక గీత. అంచులు ఉబ్బాయి. డాక్టర్ కడిగి, "పైపైనే. కుట్లు అక్కర్లేదు" అంది. 

"అక్కకి సూది ఎందుకు?" అని పాప అడిగింది.

నాకంటే ముందు ఆ అమ్మాయే అంది, "నేను పొద్దుగాల అన్నం తినలే. గందుకే పొడుస్తున్నరు. నువ్వు తిన్నవా?"

"తిన్నా!" అంది పాప భయంగా, నా వెనక దాక్కుని.

అమ్మాయిది జనగాం దగ్గర ఊరు. ఆమెని రీడింగ్ రూమ్ మెట్ల దగ్గర దింపేటప్పుడు నా నంబర్ ఇచ్చి, రాత్రికి జ్వరం వస్తే ఫోన్ చెయ్యమన్నాను. "మీకే వచ్చేటట్టున్నది అక్కా, ఇంటికి పొయ్యి పండుకోండ్రి" అని, కుంటుతూనే రెండేసి మెట్లు ఎక్కేసింది.

పాపతోనే మళ్ళీ నారాయణగూడ వెళ్ళి, కారు సామాన్లు అమ్మే షాపులో, సెల్లార్‌లో తీసుకున్న విరిగిన లాక్ ఫోటో చూపించాను. ఆ లాకులు బయట అమ్మరనీ, నంబర్ ప్లేట్లు ఇచ్చే సెంటర్‌లోనే వేయించుకోవాలనీ షాపతను చెప్పాడు. అప్పటిదాకా కారు బయటికి తియ్యాలంటే బోల్టు బిగించుకోమని ఒక బోల్టు, నట్టు, రబ్బరు వాషర్ పొట్లం కట్టిచ్చాడు. సెంటర్‌కి ఫోన్‌లోనే స్లాట్ బుక్ చేశాను. వచ్చే వారం దొరికింది.

ఇంటికొచ్చే దారంతా ఒక్కటే ఆలోచన. ఆ అమ్మాయి బానెట్ మీద కొట్టకముందే ప్లేట్ వేలాడుతోంది. మరి లాక్ ఎక్కడ విరిగింది? అంతకు ముందు ఇంకెవరికైనా...

సాయంత్రం పాపని టీవీ ముందు కూర్చోబెట్టి, అత్తయ్య నడుం వాల్చిందని ఎదురింటావిడని చూస్తుండమని చెప్పి, స్క్రూడ్రైవర్, పానా పట్టుకుని సెల్లార్‌లోకి దిగాను. గోనెపట్టా పరుచుకుని కారు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. విరిగిన లాక్ ముక్క బయటికి తోసేసి, బోల్టు దూర్చడానికి ప్లేట్ కొంచెం పైకెత్తాను. వెనక నల్లదారం కనిపించింది. లాగితే వచ్చింది. దాని కొసకి ఒక పచ్చిమిరపకాయ తొడిమ. తాజాగా ఉంది.

ఆ మధ్య పాప ఇలాగే కట్టిన మిరపకాయ లాగి కళ్ళు నలుపుకుని అరగంట ఏడ్చింది. అప్పుడే అత్తయ్యతో గట్టిగా చెప్పాను, ఇక కారుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టొద్దని. ఆవిడ సరేనంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆవిడే. నా చేతిలో దారం చూసి అక్కడే ఆగిపోయింది.

"మీరు కట్టారా?"

"ఇయ్యాల అమాస గద." వచ్చి మెట్టు మీద కూర్చుంది. "పొద్దుగాల మీరు లేవక ముందే కట్టిన. పిల్ల చెయ్యికి అందొద్దని ఎనకకు దోపిన."

"వెనక్కి దారం ఎలా పోయింది?"

"అట్లకాడతోని జర లేపిన."

"జరనా?"

"మొదలు రాలే. గట్టిగ లేపిన. టక్కుమన్నది. సూస్తే మంచిగనే ఉన్నది, ఊకున్న." నా చేతిలో దారం వంకే చూస్తోంది. "నిమ్మకాయ ఏడ వడ్డదో. నువ్వు లాక్ ఇరిగిందన్నప్పటి సంది నాకు బుక్క దిగుతలేదు. దారం తెగితే మంచిది కాదంటరు. పిల్లకు ఏమైతదో, నీకేమైతదో అని..."

"పాపకి ఏమీ కాలేదు" అన్నాను. "వేరే వాళ్ళ పాపకి అయింది."

అనకుండా ఉండాల్సింది. రోజంతా నేను మోసిన భయం ఎంత బరువో నాకు తెలుసు. ఆవిడ పెద్దావిడ. కానీ అప్పటికి నాకు చాలా కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియకుండా. అంతా చెప్పేశాను. వేలాడే ప్లేట్, అంచు, ఆ అమ్మాయి కాలు. నేను ఆగకుండా కారు కదిలించానన్నది కూడా చెప్పాను. అది దాచి మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు.

"లోతుగనా, పైపైనా?"

"పైపైనే."

"సూది ఏయించినవా?"

"వేయించాను."

"మనిషైతే దొరికింది" అంది. "దొరకకపోతే పరేషాన్ గాని."

నేను బోల్టుకి వాషర్ వేసి నట్టు బిగించడం మొదలుపెట్టాను. నట్టు పూర్తిగా పట్టుకున్నాక తలెత్తి చూస్తే, ఆవిడ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరుపుకుని, తన ఎడమ కాలి మీద వేలితో గీత గీసుకుంటోంది.

"ఇక్కడ్నా?"

"ఇంకొంచెం పైన" అన్నాను.

వేలు పైకి జరిపింది.

"ఎంత పొడుగు?"

చూపించాను. ఆవిడ ఆ పొడవునా వేలు ఆనించి, మళ్ళీ మళ్ళీ తడుముకుంటూ అలాగే కూర్చుంది.