ఊళ్ళోవాళ్ళ పిండి

నేను ఓవెన్లు బాగుచేస్తానని చెబితే చాలు, ఎవరో ఒకరు ఇంట్లో మూలన పడున్న మైక్రో ఓవెన్ చంకన పెట్టుకుని వచ్చేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. నావి అవి కావు బాబూ! నావి బీరువా అంతేసి ఉంటాయి. గ్యాసుతో మండుతాయి. వెనక పెద్ద ఫ్యాను ఉంటుంది. అది వేడిగాలిని ట్రేల మధ్య తిప్పి తిప్పి బన్నునైనా కేకునైనా అన్నివైపులా ఒకేలా కాలుస్తుంది. నరసరావుపేటలో నాకు చిన్న షాపుంది. వినుకొండ నుంచి మాచర్ల దాకా బేకరీలు, హోటళ్ళు, ఈమధ్య పుట్టగొడుగుల్లా లేచిన పిజ్జా కొట్లు, ఎక్కడ ఓవెన్ మొరాయించినా ఫోను నాకే వస్తుంది.

పని బాగా వచ్చు. కోపం ఇంకా బాగా వచ్చు. సంచీలో స్పానరన్నా మర్చిపోతాడు గానీ కోపం మాత్రం మర్చిపోకుండా పట్టుకెళతాడని మా ఆవిడ నన్ను గురించి అందరికీ చెబుతుంది. నూజెండ్ల నుంచి ఒకాయన "ఓవెన్ చచ్చిపోయింది, పరిగెత్తుకు రా" అంటే ఎండలో పడి వెళ్ళాను. చూస్తే సిలిండర్ ఖాళీ. ఆయన్ని తిట్టిన తిట్లకు పక్క కొట్టువాళ్ళు కూడా బయటికి వచ్చి విన్నారు. మాచర్లలో ఇంకో కొట్లో తలుపు రబ్బరును ఎలుకలు కొరికేశాయి. వేడంతా బయటికొచ్చి మాస్టర్ మోకాళ్ళకు తగులుతోంది. రబ్బరు మారుస్తానంటే ఆయన "వద్దులే అన్నా, నొప్పులు తగ్గినాయి" అని అడ్డం పడ్డాడు. ఇలాంటి మనుషుల మధ్య కోపం నిలుపుకోవడం కూడా కష్టమే.

ఆ కోపం నా మొహాన్నే కొట్టిన సంగతి ఒకటి గురజాలలో జరిగింది.

అక్కడ ఒక అత్తాకోడళ్ళ బేకరీ ఉంది. అత్త ముప్ఫై ఏళ్ళపాటు ఇటుక బట్టీలో కట్టెలు పెట్టి బన్నులు, రస్కులు కాల్చిన మనిషి. ఆమెను నేను పెద్దమ్మా అంటాను. ఆ పొగ ఆమెను ఏమీ చేయలేదు గానీ కోడలికి దగ్గు పట్టుకుంది. రెండేళ్ళు మందులు మింగి, రెండేళ్ళు అత్తను బతిమాలి, చివరికి గ్యాసు ఓవెన్‌కు ఒప్పించుకుంది. కొట్టు ఇరుకు. బట్టీ పడగొడితే గానీ ఓవెన్‌కు చోటు లేదు. ముందటేడు దసరా వెళ్ళాక బట్టీ పడగొట్టి అదే చోట ఓవెన్ బిగించాను.

ఆరోజు ఉత్సాహం పట్టలేక కోడలికి పాఠం కూడా చెప్పాను. "ఇది త్రీఫేజు ఫ్యానమ్మా. ఇదిగో, డబ్బా మీద బాణం గుర్తుంది చూశావా? ఎప్పుడూ ఇటే తిరగాలి." ఆ పిల్ల బుద్ధిగా తలూపింది. పెద్దమ్మ బాణం వంక చూడలేదు. నా వంకే చూసింది.

"అబ్బాయ్, మా బన్ను మాడితే మేమే తింటాం. డిసెంబర్లో ఇక్కడికొచ్చేది ఊళ్ళోవాళ్ళ పిండి. అది మాడకూడదు."

"పూచీ నాది పెద్దమ్మా" అన్నాను, గుండె మీద చెయ్యేసుకుని.

దొడ్లో గోడవారగా బట్టీ ఇటుకలు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. అన్నీ మసిబారి ఉన్నాయి. ఇంకా ఎందుకివి, పారేయక అన్నాను. "ఉండనీలే, అవేమన్నా అన్నం అడుగుతన్నాయా?" అంది పెద్దమ్మ.

ఊళ్ళోవాళ్ళ పిండి అంటే ఏమిటో చెప్పాలి. క్రిస్మస్ ముందు మా వైపు ఆడవాళ్ళు బేకరీకి కొనడానికి రారు, కాల్పించుకోవడానికి వస్తారు. గోధుమపిండి, పంచదార, డాల్డా, గుడ్లు, అన్నీ ఇంటి నుంచే తెచ్చుకుంటారు. బేకరీ వాళ్ళు కలిపి, అచ్చులు వేసి, కాల్చి, వాళ్ళ డబ్బాలోనే పోసి ఇస్తారు. కూలి మాత్రం తీసుకుంటారు. బిస్కెట్లు చర్చివాళ్ళవే కాదు, పక్కింటి హిందువులవి కూడా వరసలో ఉంటాయి. ఎవరి పిండి వాళ్ళకే రావాలి, ఎవరి రుచి వాళ్ళకే ఉండాలి. కొన్న బిస్కెట్ మాడితే ఇంకోటి ఇవ్వొచ్చు. ఒక ఇంటి పిండి మాడిపోతే ఏమిస్తారు? ఆ డబ్బా మళ్ళీ ఆ గడప తొక్కదు. ముప్ఫై ఏళ్ళలో పెద్దమ్మ చేతిలో ఒక్క డబ్బా మాడలేదట.

ఆ డిసెంబర్లోనే కోడలు ఫోను చేసింది.

"అన్నా, పై ట్రేలు నల్లగా మాడతన్నాయి, కిందయి పచ్చిగా ఉంటన్నాయి. నడిమధ్యలో మంట దానంతటదే ఆరిపోతంది. నిన్న ఒక టీచరమ్మ డబ్బా మొత్తం పోయిందన్నా."

బైకేసుకుని వెళ్ళాను. గ్యాసు ప్రెషర్ చూశాను, సరిగ్గా ఉంది. బర్నర్ విప్పితే గ్యాసొచ్చే బెజ్జంలో సాలెగూడు! "దొంగ దొరికాడు" అని కేక పెట్టాను. సాలీడుకు గ్యాసు వాసన అంటే ఎందుకంత ప్రేమో నాకు ఈనాటికీ తెలియదు. ఊది, తుడిచి, మంట ఉందో లేదో కనిపెట్టే కడ్డీని కూడా కొత్తది వేశాను. వెలిగించాను. నీలంగా, నిటారుగా మండింది. ఓవెన్ ఎలా ఉందో మంట చప్పుడు వినే చెప్పేస్తానని నాకో గొప్ప. పావుగంట విన్నాను. మాచర్ల నుంచి ఫోను మీద ఫోను వస్తోంది. "ఇక దిగులు లేదమ్మా" అని చెప్పి బండెక్కాను.

మూడోరోజు పొద్దున్నే మళ్ళీ ఫోను. ఈసారి రెండు డబ్బాలు.

నేను వెళ్ళేసరికి కొట్టు ముందు నీడలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు తలా ఒక డబ్బా పెట్టుకుని నేలమీద చతికిలబడి ఉన్నారు. నన్ను చూసి గుసగుసలు మొదలుపెట్టారు. లోపల పెద్దమ్మ ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉంది. బర్నర్ మళ్ళీ విప్పాను. సాలెగూడు లేదు. కడ్డీ బాగుంది. గ్యాసు బాగుంది. మంట బాగుంది. అన్నీ బాగున్నాయి, బిస్కెట్ మాత్రం మాడుతోంది! వెలిగించి కూర్చుంటే ఇరవై నిమిషాలకు టప్పుమని ఆరిపోయింది. మొన్న నేను పావుగంటకే లేచి వెళ్ళానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఇంకా కోపం పెరిగింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు కోడలి మీద పడ్డాను. "తలుపు ఎన్నిసార్లు తీస్తున్నావమ్మా? ట్రేలు ఇట్టా కుక్కితే గాలెట్టా ఆడుద్ది? మిషను తప్పు కాదిది, మనిషి తప్పు!"

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది గానీ తగ్గలేదు. "ఏందన్నా, నువ్వు చెప్పినట్టే గదా పెడతన్నా! రెండు నెల్లు ఇట్టాగే పెట్టా, అప్పుడు మాడని బిస్కెట్లు ఇప్పుడెందుకు మాడతన్నాయి?"

సరైన ప్రశ్న. జవాబు లేనివాడు అరుస్తాడు కాబట్టి ఇంకాస్త అరిచాను.

బయట ఒకామె డబ్బా ఎత్తుకుని లేచింది. "దాచేపల్లి పోయి కాల్పిచ్చుకుంటాంలే అత్తా, ఏమనుకోబాక" అంది పెద్దమ్మతో. ఆమె వెనక ఇంకొకామె లేవబోయింది.

పెద్దమ్మ స్టూలు దిగి గడపలోకి వచ్చింది. "కూర్చోండే, ఒక్క పూట ఆగండి. ముందు నా ఇంటి పిండి పెడతా. అది మాడితే మీ డబ్బాలు నేనే మోసుకొచ్చి బస్సెక్కిస్తా." తర్వాత కోడలికేసి తిరిగి "నువ్వు మొహం కడుక్కోయే" అని, గోధుమల సంచీ తీసుకుని పక్కనే ఉన్న పిండిమరకు వెళ్ళింది.

నేను ఓవెన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆ నిమిషంలో నా మీద నాకే అసహ్యమేసింది. పూచీ అన్నవాణ్ణి నేను, ఏడుస్తోంది ఆ పిల్ల.

అరగంటకు పెద్దమ్మ వెచ్చటి పిండితో తిరిగొచ్చింది. వచ్చీరాగానే నన్నడిగింది.

"అబ్బాయ్, ఈ డబ్బాలో తిరిగేదేమన్నా ఉందా?"

"ఫ్యానుంది పెద్దమ్మా" అన్నాను విసుగ్గా.

"ఎటు తిరుగుతంది?"

"ఎటేంది, ఎటు తిరగాల్నో అటే తిరుగుద్ది."

"చూశావా?"

నేను ఓవెన్ వెనక రేకు వంక చూశాను.

"ఏం లేదు" అంది ఆమె పిండి పళ్ళెంలో పోస్తూ. "పోయిన ఆదివారం మన బజారు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది పెట్టారు. కరెంటొచ్చాక మర ఎదురు తిరిగిందంట. ఫేజులు మారినాయని మరాయన వైర్లు మార్చుకున్నాడంట. మా తమ్ముడి చేలో బోరు మోటారు కూడా ఒకసారి ఇట్టాగే తిరిగితే బొట్టు నీళ్ళు రాలా. అందుకని అడిగా."

ఆదివారం ట్రాన్స్‌ఫార్మర్. సోమవారం టీచరమ్మ డబ్బా. పల్నాడులో బోరున్న ప్రతి రైతుకూ తెలిసిన సంగతి ఇది. ట్రాన్స్‌ఫార్మర్ మారిస్తే మోటారు ఎటు తిరుగుతోందో ముందు చూసుకుంటాడు. మరాయన చూసుకున్నాడు. చూసుకోనిది, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి షాపులో తగిలించుకున్న నేనొక్కణ్ణే.

మెయిన్ ఆపి, వెనక రేకు విప్పి, ఫ్యానును ఒక్క క్షణం తిప్పి ఆపాను. బాణం ఇటుంది. ఫ్యాను అటు తిరిగింది.

అది ఎదురు తిరిగినా గాలి వస్తుంది, చప్పుడూ వస్తుంది. అదే మోసం. ఆ గాలిలో బలం ఉండదు. వేడి కింది ట్రేల దాకా పోకుండా ఒకచోటే పేరుకుంటుంది. మరీ వేడెక్కితే గ్యాసు ఆపేసే స్విచ్చు ఒకటి లోపల ఉంటుంది, అది పాపం తన పని తను చేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేను బర్నర్ చుట్టూ తిరిగాను. రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చాను. ఐదు నిమిషాల పని.

లేచి కోడలి దగ్గరికి వెళ్ళాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో మా ఆవిడకు కూడా చెప్పని మాట చెప్పాను. "తప్పు నాదమ్మా. ఊరికే నోరు పారేసుకున్నా."

ఆ పిల్ల చీర కొంగుతో ముక్కు తుడుచుకుని "ఆ బాణం నువ్వే గదన్నా చూపిచ్చింది" అంది. అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు నేను చచ్చినంత పనైంది. కానీ హాయిగా కూడా ఉంది.

పెద్దమ్మ తన పిండి పెట్టింది. ఈసారి నేను ఫోను ఆపేసి కూర్చున్నాను. ఇరవై నిమిషాలు దాటాయి, మంట ఆరలేదు. తలుపు తీస్తే ఐదు ట్రేలు, ఒకే రంగు. పెద్దమ్మ అడుగు ట్రేలోంచి ఒకటి తీసి విరిచి, ముక్క నోట్లో వేసుకుని, బయటికి చూసి అంది: "వరస ఎవరిదే?"

డబ్బాలన్నీ ఒక్కసారి లేచాయి. దాచేపల్లి పోతానన్నామె అందరికంటే ముందు నిలబడింది. ఆ రోజు పెద్దమ్మ బిస్కెట్లన్నీ డబ్బాలు మాడిన మూడిళ్ళకూ పంచేశారు. నాకు ఇచ్చింది రెండే. ఆ రెండూ పెట్టుకుని టీ తాగి ఇంటికి వచ్చాను.

మార్చిలో సర్వీసింగుకని మళ్ళీ వెళ్ళాను. కొట్టు ముందు నీడలో కొత్తగా ఒక అరుగు కనిపించింది. నలుగురైదుగురు వరసగా కూర్చోవచ్చు. పైన సిమెంటు నున్నగా ఉంది. పక్కలకు మాత్రం సిమెంటు పూయలేదు. ఇటుకలు కనిపిస్తున్నాయి, మసిబారిన ఇటుకలు.

"బట్టీ ఇటుకలు గదూ పెద్దమ్మా?" అన్నాను. "మంచి పని చేశావు. డబ్బాలతో వచ్చేవాళ్ళకు కూర్చోను బాగుంటుంది."

"మంచి పనా, నా బొందా" అంది ఆమె. "నువ్వు అరుస్తన్నావే ఆరోజు, మరకు పోతా పోతా మేస్త్రీకి కబురంపా. తెల్లారి వచ్చి ఓవెన్ తీసేసి మళ్ళీ బట్టీ కట్టమని. తెల్లారి ఆయన రానే వచ్చాడు, తాపీ పట్టుకుని. వచ్చినోణ్ణి పనిలేదని ఎట్టా పంపిచ్చేది?"

నేను లోపల పని చేసుకుంటున్న కోడలి వంక చూశాను. ఆ అమ్మాయికి దగ్గు లేదు. నేను వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా వినలేదని అప్పుడే తట్టింది. ఒక్క పూట తేడాలో ఆ పిల్ల మళ్ళీ పొగలోకి పోయేది, నా పూచీ పుణ్యమా అని. ఈ సంగతి ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదు. గభాల్న ఆ అరుగు మీదే కూలబడ్డాను.

"అటు కాదబ్బాయ్" అంది పెద్దమ్మ, టీ గ్లాసు అందిస్తూ. "ఇటు తిరిగి కూర్చో."