చూరులో గ్లాసు

మా ఊరు ఖేడ్‌లోని మిషన్ దవాఖానలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఇంగ్లీషు దొరసానమ్మతో కలిసి, ఈ సాయంత్రం పక్కింటి సాయవ్వ కూతురికి కొత్తగా పుట్టిన పాపను చూడడానికి వెళ్ళాను.

"దూపయితుంది సాయవ్వా" అంది దొరసానమ్మ, అచ్చం మనలాగే. సాయవ్వ మా ఇద్దరికీ అరుగు మీదే నీళ్ళిచ్చింది.

"ఈ పువ్వుల గ్లాసు నాదే. ఇంకెవ్వరికీ ఇయ్యరు. నేను ఈ ఊరిదాన్నే ఇగ" అని నాతో మురిసిపోతూ చెప్పి, దొరసానమ్మ దవాఖానకు వెళ్ళిపోయింది.

ఆమె మలుపు తిరగగానే సాయవ్వ ఆ గ్లాసు మీద పైనుంచి నీళ్ళు పోసి, బయటి చూరులో దోపింది.

"అదేంది సాయవ్వా! నీ బిడ్డకు పురుడు పోసింది ఆమెనే గద?"

"పోసింది. దేవతసుంటిది. గని కులం లేనోళ్ళ గిలాస ఇంట్ల ఎట్ల వెట్టుకుంటం బిడ్డా?"

అంటూనే నేను తాగిన గ్లాసు మీద కూడా నీళ్ళు పోసి, దాని పక్కనే దోపింది.

"ఏమనుకోకు. నువ్వు గూడ వాళ్ళ బడిల తిని సదివినవ్ గద."

నేను పుట్టింది ఈ వీధిలోనే.

దొరసానమ్మకు ఈ సంగతి చెప్పాలా వద్దా, మీరే చెప్పండి. చెబితే, పక్కనున్న రెండో గ్లాసు ఎవరిదని ఆమె అడుగుతుంది.