మా చెల్లెలి దయ్యాల ఆట

మా నివేదితకు బహుమతి వచ్చిందని వ్యాసర్పాడిలో మా వీధి వీధంతా సంబరపడింది. నాకు మాత్రం కడుపు మండింది. దాచడమెందుకు?

కాలేజీల పోటీకి అది ఇరవై నిమిషాల దయ్యాల వీడియో గేమ్ చేసింది. కథ మా అమ్మది. నాలుగేళ్ల కిందట అమ్మకు డిప్రెషన్ వచ్చింది. రెండేళ్లు గది తలుపు వేసుకునే బతికింది. అప్పుడు నివేదిత కోయంబత్తూరు హాస్టల్లో ఉంది. చదువు మానేసి, తలుపు దగ్గర కాఫీ గ్లాసు పెట్టి, చల్లారాక తీసి, ఆ పక్కనే మిషను వేసుకుని పురసవాక్కం బట్టల కొట్లకు జాకెట్లు కుట్టింది నేను. అది సెలవులకు వచ్చినా ఒక్క పని ముట్టేది కాదు. ఫోను పట్టుకుని నా మిషను పక్కన కూచునేది. ఇప్పుడు పేపర్లో బొమ్మ దానిది! సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

పక్కింటి చంద్రకళత్త వచ్చి, "మీ అమ్మను ఎంత బాగా అర్థం చేసుకునింది మే, ఆ బిడ్డ!" అంది. నేను పళ్లు కొరుక్కుంటూ కాఫీ ఇచ్చాను.

అమ్మను దయ్యంగా చూపించి ఉంటుంది, పట్టుకుని కడిగేద్దామని ఆదివారం మధ్యాహ్నం దాని లాప్‌టాప్ ముందు కూచున్నాను. 'భయమేస్తే ఎప్పుడైనా ఆపేయండి' అని మొదటే రాసింది. ఆటలో నేనే అమ్మనట. దయ్యం లేదు, కత్తి లేదు, పిచ్చి అన్న మాటే లేదు. ఒక గది. గోడలు కొంచెం కొంచెంగా దగ్గరికొస్తాయి. లేవాలని ఎంత నొక్కినా కాళ్లు లేవవు. చివర తలుపు తీసినా తీయకపోయినా ఓడిపోయావని అనదు. కడిగేద్దామనుకున్న సంగతే మరిచిపోయాను. అయినా నా కళ్లు నాకోసమే వెతుకుతున్నాయి. నేనెక్కడా లేను.

అంతలో తలుపవతల కుట్టుమిషను చప్పుడు. తెగిన బెల్టును నేను తీగతో కట్టాను. ఆ ముడి చక్రమెక్కినప్పుడల్లా టక్ మంటుంది. అదే టక్. అది వినిపిస్తున్నంతసేపూ గోడలు కదలవు. ఆగిందా, మళ్లీ జరుగుతాయి.

"ఇది నీకెట్లా తెలుసే? నువ్వు ఈడ లేవు కదా," అని పక్కనే కూచున్న నివేదితను అడిగాను.

"అమ్మే చెప్పిందక్కా, ఫోన్లో. మిషను ఆడతా ఉంటే భయం ఉండదంట. ఆమెను అడిగే చేసినా. ఆ చప్పుడు సెలవుల్లో రికార్డు చేసుకున్నా."

చల్లారబోతున్న మంట మళ్లీ రాజుకుంది. రెండేళ్లు తలుపు పక్కనే ఉన్న నాతో ఒక్క మాట లేదు, ఎక్కడో ఉన్నదానితో ముచ్చట్లా! నేరుగా వంటింట్లోకి పోయాను. ఇప్పుడు అమ్మకు నయమైంది, వంట తనే చేస్తోంది.

"నాతో ఎందుకు చెప్పలేదు మా?"

అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"నీతో చెప్పుంటే, కుట్టేది ఆపేసి లోపలికి వచ్చేసుంటావు."