పన్ను కట్టించుకోమన్న మామ్మగారు

ఇంటిపన్ను ఎత్తేసి, ఆ సొమ్మంతా అమ్మకాల మీద పన్ను పెంచి రాబట్టుకోవచ్చని టీవీలో ఎవరో పెద్దాయన చెబుతుంటే విని నిజంగానే సంతోషపడ్డాను. పంతులమ్మగా రిటైరయ్యాక అల్లవరం దగ్గర మా ఊళ్ళో రెండంతస్తుల డాబా కట్టుకున్నాను. కింది వాటా అద్దెకిచ్చాను. ఏటా పన్ను కట్టేటప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఎదురుగా కాలవగట్టు మీద రేకులింట్లో ఒక మామ్మగారు ఒక్కతే ఉంటుంది. మా పెరట్లో రాలిన కొబ్బరాకులు పట్టుకెళ్ళి, ఈనెలు తీసి చీపుళ్ళు కట్టి అమ్ముతుంది. మర్నాడు ఆకుల కోసం వస్తే, పిలిచి మరీ చెప్పాను.

"మామ్మగారూ, ఇంక ఇంటిపన్ను ఉండదంటండీ."

"మరి రసీదో అండీ?"

"పన్నే లేకపోతే రసీదెందుకండీ?"

ఆవిడ ఆకులు కింద పెట్టేసింది.

"గట్టు మీద ఇళ్ళు తీసెయ్యాలని ఆఫీసర్లు వచ్చినప్పుడల్లా ఆ రసీదులే గదండీ చూపిస్తన్నాను. మాకు పట్టా లేదు గదండీ. అవి చూసేకే, తర్వాత వస్తామని వెళ్ళేరు."

ఇది నాకు తట్టనే లేదు. అయినా పాఠం చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది? సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మీరూ పన్ను కట్టినట్టేనండీ అని వివరించబోయాను.

"ఆయ్, ఇప్పుడూ కడతన్నాం గదండీ. సబ్బు కొంటే షాపాయన నా పేరు రాసిస్తాడేంటండీ?"

నాకు సిగ్గేసింది. నా డాబా మీది బరువు కొంత ఆవిడ సబ్బుబిళ్ళ మీదికి జరుగుతుంది. ఆ కట్టేదానికి ఆవిడ పేరైనా ఎక్కడా మిగలదు. ఇలాంటిదాన్ని శుభవార్తలా చెప్పాను.

ఒట్టి మాటేనండీ, ఇంకా ఎవరూ ఏమీ ఎత్తెయ్యలేదని ఎంత చెప్పినా ఆవిడ మనసు కుదుటపడలేదు. నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి, వచ్చే ఏడాది పన్ను కూడా ఇప్పుడే కట్టించుకోమని గుమస్తాని అడిగింది.

"ఈ ఏడాదిది కట్టేసేరు గదండీ. వచ్చే ఏడాదిది ఇప్పుడే తీసుకోడం కుదరదండి. పన్ను కట్టించుకోమని బతిమాలేవాళ్ళని ఇప్పుడే చూస్తన్నానండి" అని అతను నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగాను.

మామ్మగారు నవ్వలేదు. ఈ ఏడాది రసీదు నా చేతికిచ్చి, ఇల్లు తనదని అందులో ఎక్కడ రాసుందో చూపించమంది. ఆవిడకి చదువు రాదు. 'ఇంటి యజమాని' అన్న మాట మీద వేలు పెట్టి చూపించాను. నా రసీదులోనూ ఆ మాట ఉంటుంది, నేనెప్పుడూ చదివిన పాపాన పోలేదు.

ఆవిడ నా వేలు పక్కకి జరిపి, అక్కడ తన వేలు పెట్టుకుంది.

"ఈసారి ఎవరైనా వస్తే, ఇదిగో, ఇక్కడ చదవమంటానండి" అంది.