వేసవిలో తేలిన గడ్డ

నిన్న మధ్యాహ్నం మా టీమ్ పిల్లలు క్యాంటీన్‌లో కూర్చుని, సెలవులకు ఏ దీవికి వెళ్లాలా అని ఓటింగ్ పెట్టుకున్నారు. ఫోన్ల నిండా నీలిరంగు సముద్రాలు. మీరెప్పుడైనా దీవి చూశారా అని మర్యాదకు నన్నూ అడిగారు. చూశాను, కృష్ణానదిలో, నీళ్లు బాగా తగ్గిన ఏడాది మాత్రమే కనిపించే దీవిని, అన్నాను. ఎవరూ నమ్మినట్టు లేదు.

దాని సంగతి చెప్పింది మా ఆఫీసు గేటు దగ్గరి సెక్యూరిటీ పెద్దాయన. పాలమూరు వైపు మనిషి. ఐడీ కార్డు చూపించమనడం తప్ప ఏళ్ల తరబడి నాతో మరో మాట మాట్లాడి ఎరగడు. అలాంటివాడు మూడేళ్ల కిందట ఒక వేసవి ఉదయం నా కారు ఆపి, "ఈయేడు నీళ్లు మస్తు తగ్గినయి మేడమ్. మా ఊరు తేలిందంట," అన్నాడు. డ్యామ్ కట్టినప్పుడు మునిగిన ఊరది. అప్పుడాయనకు పదేళ్లు, చెల్లెలు చంటిపిల్ల. ఆ చెల్లెలు ఇప్పుడు ఒడ్డునే చేపలు పడుతోంది. పుట్టిన ఇల్లు చూపించమని ఎన్నాళ్లుగానో అడుగుతోందట. ఆయన వాయిదా వేస్తూ వచ్చాడు. కారణం అడిగితే నేల చూస్తూ, "పొయ్యినంక నాకే యాదికి రాకపోతే?" అన్నాడు. మేమూ వస్తామండి అని నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. కాకినాడలో పెరిగి కూడా ఈత రానిదాన్ని.

ఆ శనివారం తెల్లవారకముందే పెద్దాయనతో కలిసి హైదరాబాద్ మదీనాగూడ నుంచి బయలుదేరాం. మావారు రెండు లైఫ్ జాకెట్లు కొనుక్కొచ్చి, దారి పొడవునా వాటి గురించే చెప్పారు. ఒడ్డున పెద్దాయన చెల్లెలు పుట్టితో సిద్ధంగా ఉంది. పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. తిన్నగా పోవడం దానికి చేతకాదు, తిరుగుతూ పోతుంది. నడినీటిలో గాలి లేచింది. అన్నగారు అంచు పట్టుకుని బిగుసుకుపోయాడు, మావారు టిఫిన్ డబ్బాతో నీళ్లు తోడుతున్నారు. ఆమె నా వైపు రెండో తెడ్డు తోసి, "నువ్వు వట్టు అక్కా, సూసుకుంట కూసుంటే కొట్కపోతం," అంది. అరచేతులు బొబ్బలెక్కేదాకా వేశాను. భయం ఎప్పుడు పోయి సంతోషం మొదలైందో తెలియదు. అంత సంతోషం నా ఉద్యోగంలో ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

గడ్డ మీద నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి, దాని మీద గుల్లలు, ఇసుకలో నీటిపిట్టల గుడ్లు. చూసి అడుగేయాలి. మధ్యలో సగం కూలిన పాత బురుజు. అక్కడి నుంచి వరసగా రాతి పునాదులు, అన్నీ ఒకేలా. పెద్దాయన తన ఇంటి కోసం గంటసేపు ఎండలో తిరిగాడు, వచ్చిన సందులోకే మళ్లీ వచ్చాడు. మూడు రాళ్లు పెట్టి బొచ్చె చేప పులుసు వండుతున్న చెల్లెలు గరిటె ఆపి ఆయన్నే చూస్తోంది.

ఆయన ఒకచోట ఉన్నట్టుండి కూర్చుని చేతులతో మట్టి తోడాడు. నేలలో పాతిన రోలు, సరిగ్గా గడపకు అడ్డంగా. చిన్నప్పుడు దాని మీద పడే ముందుపన్ను విరిగిందట. నోరు తెరిచి ఆ సందు మాకు చూపించాడు, పసివాడిలా నవ్వుతూ. తర్వాత రెండడుగులు లోపలికి వేసి చెల్లెల్ని పిలిచాడు. "ఈడనే అమ్మ నిన్ను పండవెట్టేది."

యాభైకి దగ్గరపడిన ఆ మనిషి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, అక్కడ పడుకుంది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంది. మావారు లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టారు. ఆ తర్వాత నలుగురం ఆ ఇంట్లోనే కూర్చుని జొన్నరొట్టెతో పులుసు తిన్నాం.

వానలకు ఆ గడ్డ మళ్లీ మునిగింది. కాలం అన్నిటినీ తీసుకుపోతుందనే ఇన్నాళ్లూ నమ్మాను. కొన్నిటిని మాత్రం ఉన్నచోటే ఉంచి, మనం వచ్చేదాకా ఆగుతుందేమో అని ఇప్పుడనిపిస్తోంది.