పన్నెండో గది కూలరు బెల్టు

మా చిన్నప్పుడు... మా ఇంటికి నాలుగు చక్రాలుండేవి. నెవాడా ఎడారిలో, కనుచూపు మేర మనిషి కనబడని రోడ్డు. ముందు సీట్లో అమ్మా నాన్నగారూ, వెనక సీట్లో నేను. నా వెనక నాన్నగారి పనిముట్ల పెట్టె, అమ్మ కుట్టుమిషను, గుడ్డ వాసెన కట్టిన ఆవకాయ జాడీ...

నాన్నగారు విజయవాడలో కూలర్లు బాగుచేసేవారు. బాబాయి పిలిపిస్తే అమెరికా వచ్చాం. వచ్చాక ఉద్యోగమేదీ కుదరలేదు. ఒకనాడు ఒక ఎడారి ఊళ్లో ఇంటి కప్పు మీద కూలరును చూసి, "ఓసి, ఇది మన సరుకేనే!" అన్నారు. తడి గడ్డి, దాని వెనక తిరిగే ఫ్యాను, చల్లగాలి... అచ్చం మన కూలరే. ఆ ధైర్యంతోనే ఇద్దరూ కారెక్కారు.

ఊరు కనబడితే ఆగడం, కప్పుల వైపు చూడడం, తలుపు తట్టడం. నాన్నగారు కూలరు బాగుచేస్తుంటే అమ్మ ఆ ఇంటి తెరలూ దుప్పట్లూ కుట్టిపెట్టేది. పని అయిపోతే మరో ఊరు...

నా మొదటి పలక కారు వెనక అద్దం. దాని మీది దుమ్ములో అమ్మ వేలితో అక్షరాలు రాసేది, నేను దిద్దేదాన్ని. ఎడారిలో వాన రాదు కనుక ఒక్కో పాఠం వారం రోజులు నిలిచేది. మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు ఆ దుమ్ములో నేర్చుకున్నదేనని గర్వంగా చెప్పుకుంటున్నాను.

అయితే తొమ్మిదో ఏడు వచ్చేసరికి నాకు అసలైన బడి కావాలనిపించింది... గంట కొట్టే బడి.

ఆ ఆగస్టులో ఒక చిన్న ఊళ్లో మోటెల్ పని దొరికింది. పన్నెండు గదులకు పన్నెండు కూలర్లు, అన్నీ మూలపడ్డవే. పని ఉన్నన్నాళ్లూ మాకు ఒక గది ఇస్తామన్నారు. రోడ్డుకు అవతలే బడి. అది తెరవడానికి పది రోజులుంది. ఆ ఊళ్లో కాపురముంటేనే పిల్లల్ని చేర్చుకుంటారు.

"ఏవండీ, రోజుకొక్కటే చెయ్యండి. పిల్ల బళ్లో చేరిపోతుంది. ఆ తరవాత ఇక్కడే ఏదో ఒకటి చూసుకుందాం," అంది అమ్మ.

"సరేలేవే," అన్నారు నాన్నగారు. తెల్లవారేసరికి కప్పు మీద ఉన్నారు. మొదటి రోజే నాలుగు కూలర్లు తిరిగాయి.

"రోజుకొకటి అన్నాను, వినబడిందా?" కింద నుంచి అమ్మ కేక.

"నాకు వినబడిందే... చేతులకే వినబడలా!"

మూడో రోజు మధ్యాహ్నానికి పదకొండు పూర్తయ్యాయి. పన్నెండో గది గుమ్మంలో ఒక ముసలాయన, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చుని ఉండేవాడు. నన్ను చూసి చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపేదాన్ని. ఆ రోజు కూడా ఊపి... నేరుగా వెళ్లి, ఆ కూలరుకు వెయ్యవలసిన బెల్టును పెట్టెలోంచి తీసి కారులో నా సీటు కింద దాచాను. బెల్టు లేకుండా ఫ్యాను తిరగదు. పట్నం నుంచి ఇంకొకటి రావడానికి వారం పైనే పడుతుంది. ఈలోగా బడి తెరుస్తారు.

నాన్నగారు పెట్టె బోర్లించి వెతికారు. కారంతా వెతికారు. అమ్మ వెతికింది. నేనూ వెతికాను... అందరికన్నా శ్రద్ధగా.

చివరకు నాన్నగారు లేచి నిలుచున్నారు. "ఏమేవ్, ఆ జరీ లేని నేత చీర ఎక్కడుంది?"

"ఎందుకూ? అది మా అమ్మ పెట్టిన చీర!"

"మీ అమ్మ పెట్టిందంటే గట్టిదే అయ్యుంటుంది. ఇటు తే."

చీర అంచు చించి, మూడు పేటలుగా పేని, మోటారుకూ ఫ్యానుకూ ఉన్న కప్పీల చుట్టూ బిగించి ముడివేశారు. కూలరు తిరిగింది. ముసలాయన లోపలికి వెళ్లి, గాలికి ఎదురుగా కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి చూస్తున్న నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు...

మర్నాడు మా కారు బడి ముందు నుంచే వెళ్లింది. మూడు ఊళ్లు దాటేదాకా నేను వెనక అద్దం వైపే తిరిగి కూర్చున్నాను. "మనిషి వేడిలో కూర్చుని ఉంటే పని దాచుకోలేనమ్మా. నీ బడి సంగతి నేను మరిచిపోలేదు," అన్నారాయన. అంతే.

ఆ తరవాత అయిదు బళ్లు చూశాను. ఎక్కడా ఏడాది నిండలేదు. పదహారో ఏట చదువు ఆగింది. నలభై నిండాక, అరోరా అనే ఊళ్లో స్థిరపడి, మళ్లీ మొదలుపెట్టాను. పగలు పని, సాయంత్రం కాలేజీ, నాలుగేళ్లు... ఒక్క తరగతి మానలేదు. పక్క బెంచీలోని మన తెలుగు పిల్లలు మొదట్లో ఆంటీ అని నవ్వేవారు. తరవాత అదే ఆంటీ దగ్గర లెక్కలు చెప్పించుకున్నారు. ఇప్పుడు పక్క ఊరు నేపర్‌విల్‌లో ఒక పెద్ద భవనపు చల్లదనమూ వెచ్చదనమూ నా బాధ్యత.

పట్టా చేతికొచ్చిన రోజున, ముప్పై అయిదేళ్లుగా దాచిన ఆ బెల్టును నాన్నగారి చేతిలో పెట్టాను. రబ్బరంతా పగుళ్లు. ఆయన ఒకసారి తిప్పి చూశారు.

"పన్నెండో గదిది."

"మీకు తెలుసా!"

"ఆ రోజే చూశాను, నీ సీటు కింద."

"మరి తియ్యలేదేం?"

"బడి కోసం నువ్వు చెయ్యగలిగింది అదొక్కటే కదమ్మా... అది కూడా లాక్కోమంటావా?"

నేను ఆ బెల్టును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. పక్కనుంచి అమ్మ గొంతు ఖంగుమంది.

"అంటే... తెలిసి తెలిసీ నా చీర చించారా!"

ఇప్పుడు బెల్టు కావాలంటే ఫోన్‌లో ఆర్డర్ చేస్తే మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. దాచినా ఏ ప్రయాణమూ ఒక్క రోజు కూడా ఆగదు... కారు అద్దం మీద పాఠం నిలిచేంత దుమ్మూ ఉండదు. అయినా నా కారు వెనక అద్దాన్ని నేను వారానికొక్కసారే తుడుస్తాను.

మీరు బడి కోసం ఏం దాచారు? ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు? చెప్పండి... వినాలని ఉంది.