ఆరు తీగల మోటారు

జడ్చర్లలో టీవీలు, మిక్సీలు బాగుచేసే దుకాణం నాది. ఇంటి ముందుగదిలోనే పెట్టుకున్నాను. తెలంగాణ వచ్చిన కొత్తలో మా చెల్లెలు పోయింది. ఆ తర్వాత అమ్మ ఊరిడిచి నా దగ్గరికి వచ్చింది, నాలుగు నాటుకోళ్లను గంపలో పెట్టుకుని.

కొన్నేళ్లకు కోళ్లు పెరిగాయి. పొదిగే కోళ్లకంటే గుడ్లు ఎక్కువయ్యాయి. థర్మాకోల్ డబ్బాలో బల్బు బిగించి పొదిగే పెట్టె ఒకటి చేశాను. వెచ్చదనం ఒక్కటే చాలదు, గుడ్లు పేర్చిన తట్టను అటూ ఇటూ వంచుతూ వాటిని తిప్పుతుండాలి. దానికి మెల్లగా తిరిగే మోటారు కావాలి.

పాత సామాన్లు కొనే చాచా దగ్గర ఒక బుట్ట నిండా మోటార్లున్నాయి. అరచేతిలో పట్టే ఒకదాన్ని తీసుకున్నాను.

"ఇది ఏ మిషిన్ల నుంచి ఊడదీసింరు చాచా?"

"తక్కెట్ల పడ్డంక దానికి పేరెక్కడిది బేటా, తీస్కపో."

పైన అంటించిన కాగితం చెరిగిపోయింది. ఇరుసును వేళ్లతో తిప్పితే సాఫీగా తిరగకుండా చిన్న చిన్నగా పట్టి వదులుతోంది. తీగలు ఆరు. కరెంటు అందిన ప్రతిసారీ ఒక్క అడుగు మాత్రమే వేసి ఆగే రకం అది. స్టెప్పర్ మోటారు అంటారు. ఏ తీగ ఏదో చెప్పేవాళ్లు లేరు కాబట్టి మీటరు పెట్టి ఒక్కొక్క జతనే చూశాను. మూడు తీగలు ఒక గుంపు, మిగిలిన మూడు ఇంకో గుంపు. ఈ గుంపుకూ ఆ గుంపుకూ సంబంధం లేదు. ఒక్కో గుంపులో రెండు తీగల మధ్య ఎనభై ఓములు చూపించింది. మూడో తీగ నుంచి ఆ రెండింటిలో దేనికి పెట్టినా నలభై. అంటే అది నడిమి తీగ. నడిమి తీగలు రెంటికీ ముడులేసి గుర్తు పెట్టుకున్నాను.

ఆ రెంటినీ కలిపి ప్లస్సుకిచ్చి, మిగతా నాలుగింటిని, వాటికి వరసగా కరెంటు అందించే చిన్న బోర్డుకు కలిపాను. స్విచ్చి వేస్తే మోటారు జ్వరమొచ్చినట్టు వణికింది కానీ తిరగలేదు. వరస తప్పిందన్నమాట. రెండు తీగలు అటుదిటు మార్చాను. వేగం బాగా తగ్గించి మళ్లీ వేశాను.

టిక్. టిక్. టిక్.

ఆ చప్పుడు నేనెరిగినదే. పాలమూరు దవాఖానలో చెల్లెలి మంచం పక్కన ఒక మిషను ఉండేది. సిరంజిలోని మందును వెంట్రుకవాసి చొప్పున నెడుతూ తొమ్మిది రోజులు ఇట్లాగే చప్పుడు చేసింది. తొమ్మిదో రోజు పొద్దున నర్సు వచ్చి దాన్ని ఆపేసింది. ఇక మాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

అమ్మ జొన్నపిండి చేతులతోనే వంటగదిలోంచి వచ్చింది.

"గా సప్పుడు ఏడికెళ్లి వస్తాంది?"

ఆపబోయాను. "ఆపకు" అని అక్కడే కింద కూర్చుంది. వేళ్లకున్న పిండి ఎండిపోయేదాకా లేవలేదు. "గది దవాఖాన మిషిన్ల మోటరే. నా చెవులకు ఎరుక లేదా?"

మర్నాడు చాచాను మళ్లీ అడిగాను. ఆ బుట్టలోవన్నీ పాత జిరాక్సు మిషన్లవని ఆయన పనివాడు చెప్పాడు. ఆ మాటే అమ్మకు చెప్పాను. "అయితే అయితదేమో" అంది. నమ్మలేదు.

ఆ చప్పుడు ఆమెను బాధ పెడుతోందనుకున్నాను. హైదరాబాద్ నుంచి ఇంకో రకం బోర్డు తెప్పించి, నడిమి తీగలు వదిలేసి నాలుగింటితోనే కలిపాను. ఈసారి మోటారు నున్నగా, చప్పుడు లేకుండా తిరిగింది. పెట్టెకు బిగించి తట్టలో గుడ్లు పేర్చాను. పొద్దున లేచి చూస్తే అమ్మ ఆ పెట్టెకు చెవి ఆనించి కూర్చుంది.

"నడుస్తాందో లేదో ఎట్ల తెల్వాలె బిడ్డా?"

"తట్ట వంగుతలేదా అమ్మా, చూడు."

"సూడ బుద్ధి కాదురా. దవాఖానల గూడ పిల్ల మొకం దిక్కు సూడలే నేను. ఆ సప్పుడే ఇనుకుంట కూసున్న. సప్పుడుంటే పిల్ల ఉన్నట్టు."

ఆ తొమ్మిది రోజులూ మంచానికి ఇటువైపు నేనున్నాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం, ఈ చప్పుడు ఒక్క నిమిషం ఆగితే బాగుండునని అనుకున్నాను. అనుకున్నది చప్పుడు గురించే. మర్నాడు అది ఆగింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆ పొద్దున అమ్మకు కూడా చెప్పలేకపోయాను. లేచి వెళ్లి పాత బోర్డు తెచ్చి మళ్లీ బిగించాను.

పొదగబెట్టాక పద్దెనిమిదో రోజు దాటితే గుడ్లను తిప్పకూడదు. అమ్మకు నాకంటే బాగా తెలుసు. గుడ్లన్నీ తట్టలోంచి తీసి పెట్టె అడుగున గోనెపట్టా మీద పేర్చింది. మోటారు తీసేద్దామని స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్లాను.

"గుడ్లు దించిన" అంది అమ్మ. "దాన్నైతే నడువనియ్యి."

మూడు రోజులకు పిల్లలు పెంకులు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. వాటి నెత్తిమీద ఖాళీ తట్ట అటు వంగి ఇటు వంగుతూనే ఉంది. అమ్మ వంటగదిలో రొట్టెలు కొడుతోంది. నేను ముందుగదిలో పని చేసుకుంటూ ఆ చప్పుడు వింటున్నాను. ఆగిపోవాలని మాత్రం ఈసారి అనుకోలేదు. అనుకోవడానికి భయమేసింది.